సీలియాక్ ఉన్నప్పుడు జుట్టు ఎందుకు ఊడుతుంది, ఎప్పుడు ఏం చేయాలి

సీలియాక్ అంటే గోధుమ, బార్లీ, రైలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తిన్నప్పుడు రోగనిరోధక శక్తి చిన్నపేగును దెబ్బతీసే జబ్బు. అది ఉండి జుట్టు ఊడుతోందని చెప్పగానే ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే: గ్లూటెన్ మానేయండి, జుట్టు అదే వస్తుంది. ఇందులో సగమే నిజం. సీలియాక్‌తో ముడిపడిన జుట్టు సమస్య ఒక్కటి కాదు. పేగు దెబ్బతిని ఇనుము, జింకు ఒంటికి పట్టక తలంతా పలచబడడం ఒకటి. గ్లూటెన్ వల్లే వచ్చే దురద పొక్కులు, అంటే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్, తల మీదికి పాకి, గోకుడుకు వెంట్రుకలు తెగిపోవడం ఇంకొకటి. రోగనిరోధక శక్తి నేరుగా కుదుళ్ల మీదే దాడి చేసే పేనుకొరుకుడు మూడోది. సీలియాక్ వెంట తరచు కనిపించే థైరాయిడ్ లోపం నాలుగోది. మొదటి రెండూ ఆహారం మారిస్తే తగ్గుతాయి, కానీ ఆలస్యంగా. మూడోది ఆహారానికి లొంగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాలుగోదానికి వేరే మాత్ర కావాలి. మీది ఏదో తేల్చుకోకుండా ఏ సీసా కొన్నా డబ్బు దండగే. అంతకంటే బాధపడాల్సింది, ఆ నెలలు కూడా దండగే.

పరీక్ష కాకముందు గ్లూటెన్ మానకండి

సీలియాక్ ఉందని ఇంకా నిర్ధారణ కాని వాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. అనుమానం రాగానే గోధుమ మానేస్తారు, రెండు నెలల తర్వాత రక్తపరీక్షకు వెళ్తారు. ఆ పరీక్ష వెతికేది గ్లూటెన్‌కు ప్రతిగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. గ్లూటెన్ ఆగితే అవి తగ్గిపోతాయి, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. పరీక్షకు ముందు కనీసం 6 వారాల పాటు రోజూ ఒకటికంటే ఎక్కువ పూటల్లో గ్లూటెన్ తింటూ ఉండాలి. ఇప్పటికే మానేసిన వాళ్లు మళ్లీ మొదలుపెట్టే ముందు డాక్టరుతో మాట్లాడాలి. కొందరికి ఆ ఆరు వారాలు చాలా కష్టంగా గడుస్తాయి.

అడగాల్సిన పరీక్ష టీటీజీ ఐజీఏ. ఐజీఏ అంటే యాంటీబాడీల్లో ఒక రకం. దానితో పాటే మొత్తం ఐజీఏ కూడా చూడమనండి. ఐజీఏ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లలో జబ్బు ఉన్నా టీటీజీ ఐజీఏ నెగెటివ్‌గా రావచ్చు, వాళ్లకు ఐజీజీ రకం పరీక్షలు చేయాలి. అదే రక్తంలో సీబీసీ, ఫెర్రిటిన్ (ఇనుము నిల్వ), సీఆర్‌పీ (వాపు సూచిక), బి12, ఫోలేట్, విటమిన్ డి, జింకు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) కూడా చూడమంటే మళ్లీ సూది అవసరం ఉండదు. సీఆర్‌పీ ఎందుకంటే, ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, లోపం దాగిపోతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్న వాళ్లు ఆ సంగతి ముందే చెప్పి, పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి.

ఒంటి మీద దురద పొక్కులు ఉంటే రక్తపరీక్షతో సరిపెట్టకూడదు. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ ఉన్నా రక్తంలో యాంటీబాడీలు కనిపించని వాళ్లున్నారు. దీన్ని తేల్చేది చర్మం బయాప్సీ. అది ఎక్కడి నుంచి తీస్తున్నారన్నది చాలా ముఖ్యం. ముక్క తీయాల్సింది పొక్కు నుంచి కాదు, పొక్కు పక్కనే మామూలుగా కనిపిస్తున్న చర్మం నుంచి. వెతుకుతున్న ఐజీఏ పేరుకునేది అక్కడే. పొక్కులోనో చెక్కులోనో అయితే వాపు వల్ల అది కరిగిపోయి ఉంటుంది. రెండో జాగ్రత్త: ఆ ముక్కను డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకు, అంటే చర్మంలోని ఐజీఏను మెరిసేలా చేసి చూపే పరీక్షకు, ప్రత్యేక ద్రావణంలో పంపాలి. ఫార్మలిన్‌లో వేస్తే ఈ పరీక్షకు పనికిరాదు. "పక్క చర్మం నుంచే తీస్తారా, ఇమ్యునోఫ్లోరసెన్స్‌కు పంపుతారా" అని ముందే అడగడానికి మొహమాటపడకండి. ఈ బయాప్సీ పాజిటివ్ వస్తే సీలియాక్ ఉన్నట్టే లెక్క, పేగు బయాప్సీ సాధారణంగా అవసరం పడదు.

మీది ఏ రకం

మంచి వెలుతురులో అద్దం ముందు కూర్చోండి. వెనక భాగం చూడడానికి ఇంకొకరి సాయం తీసుకోండి.

తలంతా సమంగా పలచబడి, జడ సన్నబడి, చర్మం మాత్రం శుభ్రంగా ఉంటే అది పోషకాల లోపానికో థైరాయిడ్‌కో సంబంధించిన ఊడుడు. రాలిన వెంట్రుక మొదట్లో చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తుంది. అది చూసి కుదురే ఊడివచ్చిందని భయపడతారు. కాదు. కాలం తీరిన వెంట్రుకకు ఉండే మొదలు అది, కుదురు లోపలే భద్రంగా ఉంటుంది. ఎంత జోరుగా ఊడుతోందో తెలుసుకోవడానికి తలస్నానం చేసిన ఒక రోజు తర్వాత 50, 60 వెంట్రుకలను చర్మం దగ్గర బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పట్టుకుని కొసదాకా మెల్లగా, ఒకే ఒత్తిడితో లాగండి. నుదుటి పైన, నడినెత్తిన, ఒక పక్కన, వెనక, నాలుగు చోట్లా చూడండి. ఒక్కో చోట ఆరు లేదా అంతకు మించి చేతికి వస్తే ఊడుడు ఇంకా సాగుతున్నట్టే. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. వారానికోసారి తలస్నానం చేసేవాళ్లకు ఆ ఒక్క రోజే కుచ్చుగా వస్తాయి, దాన్ని చూసి బెంగపడకూడదు.

నాణెం అంత, గుండ్రంగా, నున్నగా, పొట్టుగానీ చెక్కుగానీ లేకుండా ఖాళీ అయితే అది పేనుకొరుకుడు. పేరులో పేను ఉంది కానీ దాన్ని ఏ పేనూ కొరకలేదు. ఆ ఖాళీ అంచున పొట్టి వెంట్రుకలను భూతద్దంతో చూడండి. కొస లావుగా, మొదలు సన్నగా, ఆశ్చర్యార్థక గుర్తులా ఉంటాయి. గోళ్ల మీద సూదిమొనతో పొడిచినట్టు చిన్న గుంటలు కూడా ఉండవచ్చు. సీలియాక్‌కూ దీనికీ సంబంధం ఉందని 1995లో ఇటలీ వైద్యులు మొదట రాశారు. పేనుకొరుకుడు ఉండి కడుపు బాధ ఏమీ లేనివాళ్లలోనూ సీలియాక్ బయటపడింది.

నుదుటి పైన జుట్టు మొదలయ్యే గీత వెంబడి, పెడతల మీద, మెడ వెనక, నిద్ర పట్టనివ్వని దురద, మంట ఉంటే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్‌ను అనుమానించాలి. నీటిపొక్కు కోసం వెతికితే దొరకకపోవచ్చు. అది పుట్టిన కాసేపటికే గోకుడుకు చిట్లిపోతుంది, మిగిలేది చిన్నచిన్న రక్తపు చెక్కులే. అందుకే దీన్ని చుండ్రనీ, పేలనీ, గజ్జి అనీ ఏళ్ల తరబడి వేరే మందులు వాడుతుంటారు. మోచేతులు, మోకాళ్లు, పిరుదులు చూడండి. కుడివైపు ఎక్కడుంటే ఎడమవైపూ అక్కడే ఉండడం దీని తీరు. చుండ్రయితే జిడ్డు పొట్టు రాలుతుంది. పేలయితే ఈపి వెంట్రుకకు అతుక్కుని ఉంటుంది, లాగితే జారదు. ఖాళీ మచ్చలో పొట్టు, తెగిన నల్లటి చుక్కలు కనిపిస్తే అది తామర కావచ్చు. దానికి నోటి మందే కావాలి, పైపూత సరిపోదు.

ఒకే తలలో రెండు రకాలు కలిసి ఉండడం అరుదేమీ కాదు. గోకుడుకు తెగిన చోట్లు ఒకవైపు, ఇనుము తగ్గి తలంతా పలచబడడం ఇంకోవైపు. అప్పుడు రెండింటికీ ఒకేసారి మందు మొదలుపెట్టాలి.

తల మీద పొక్కులున్నప్పుడు

ఈ జబ్బును 1884లో లూయీ డూరింగ్ అనే అమెరికా వైద్యుడు వర్ణించాడు. దానికి ఇప్పటికీ ముందుగా వాడే మందు డాప్సోన్. దురద రెండు మూడు రోజుల్లోనే గణనీయంగా తగ్గుతుంది. గోకుడు ఆగితే వెంట్రుకలు తెగడం ఆగుతుంది. కానీ డాప్సోన్ మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి. ఆ ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఈ మందు ఎర్ర రక్తకణాలను ఒక్కసారిగా పగలగొడుతుంది. లోపం లేనివాళ్లలోనూ హిమోగ్లోబిన్ కొంత తగ్గుతుంది. సీలియాక్ వల్ల ముందే రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయం, తొలి వారాల్లో డాక్టరు చెప్పిన ప్రతి రక్తపరీక్షా చేయించుకోండి. పెదవులు నీలంగా మారినా, ఆయాసం వచ్చినా, మొదటి మూడు నెలల్లో జ్వరం, గొంతునొప్పి కలిసి వచ్చినా మాత్ర ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. మధుమేహం ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. డాప్సోన్ వాడుతున్నంత కాలం హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

డాప్సోన్ దురదను ఆపుతుంది, పేగును బాగుచేయదు. దురద పోయిందని ఆహారం విషయంలో సడలితే లోపల నష్టం సాగుతూనే ఉంటుంది, ఇనుము పట్టదు, జుట్టు రాదు. గ్లూటెన్ మానితే పొక్కులు అదుపులోకి రావడానికి నెలలు, కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది. ఆ మధ్యకాలాన్ని దాటించడానికే ఈ మందు. చర్మం నెమ్మదించే కొద్దీ డాక్టరు మోతాదు తగ్గిస్తూ వస్తారు.

చెక్కులను దువ్వెనతో గీకి తీయకండి. గోరువెచ్చని నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డను 10 నిమిషాలు వేసి ఉంచితే మెత్తబడి వాటంతటవే వదులుతాయి. తర్వాత వాసన లేని, ఘాటు లేని షాంపూతో వేళ్ల మెత్తలతో కడగండి, గోళ్లు తగలనీయకండి. తడి తగ్గాక డాక్టరు రాసిన స్టెరాయిడ్ లోషన్‌ను పాపిడి పాపిడిగా విడదీసి చర్మానికే అంటేలా రాయండి. జుట్టుకు పూస్తే ఉపయోగం లేదు. లోషన్‌లో ఆల్కహాల్ ఉంటే పచ్చి పుండు మీద భగ్గుమంటుంది, ఆల్కహాల్ లేనిది రాయమనండి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి, రాత్రి నిద్రలో గోకేవాళ్లు పలచని నూలు చేతితొడుగులు వేసుకోండి. పసుపు రంగు చీము, వేడి, మెడ దగ్గర గడ్డలు కనిపిస్తే పుండు చెడినట్టు, దానికి యాంటీబయాటిక్ కావాలి.

జుట్టు కోసం అమ్మే సప్లిమెంట్లలో చాలావాటిలో కెల్ప్ అనే సముద్రపు నాచు ఉంటుంది. అందులో అయోడిన్ ఎక్కువ, ఎక్కువ అయోడిన్ ఈ పొక్కులను రేపుతుంది. పొక్కులున్న మనిషి జుట్టు కోసం ఆ మాత్ర వేసుకుని, దురద పెరిగి, ఇంకా గోకి, ఇంకా జుట్టు పోగొట్టుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి.

ఇనుము, జింకు, మిగతావి

ఇనుము ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. సీలియాక్ ముందుగా దెబ్బకొట్టేదీ అక్కడే. ఫెర్రిటిన్ (మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో) 30 కంటే తక్కువైతే నిల్వలు అడుగంటాయనే అర్థం. జుట్టు విషయంలో చాలామంది చర్మ వైద్యులు 40 పైన, వీలైతే 70 దాకా ఉండాలని చూస్తారు.

మాత్ర మీద రాసిన బరువుకూ అందులోని అసలు ఇనుముకూ తేడా ఉంటుంది. 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో ఇనుము 65 మిల్లీగ్రాములే. రోజుకు రెండు మూడు మాత్రలు మింగితే త్వరగా నిండుతుందనుకుంటారు. నిజానికి ఒక మోతాదు వేసుకున్నాక ఒళ్లు ఇనుము పీల్చడాన్ని సుమారు ఒక రోజు తగ్గించేసుకుంటుంది. అందుకే రోజు విడిచి రోజు ఒకటే మాత్ర వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి పట్టేది ఎక్కువ, కడుపునొప్పి, మలబద్ధకం తక్కువ. పరగడుపున, విటమిన్ సి ఉన్న పండుతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలకు రెండు గంటల ఎడం పాటించండి. థైరాయిడ్ మాత్రకయితే నాలుగు గంటలు. మలం నల్లగా రావడం మామూలే.

నాలుగు వారాలకు హిమోగ్లోబిన్, మూడు నెలలకు ఫెర్రిటిన్ చూడాలి. మాత్ర సరిగ్గా వేసుకుంటున్నా అంకె కదలకపోతే రెండే కారణాలు ముందుగా ఆలోచించాలి: ఎక్కడో గ్లూటెన్ లోపలికి వెళ్తోంది, లేదా పేగు ఇంకా మానలేదు. అలాంటప్పుడు మాత్రల మోతాదు పెంచుకుంటూ పోకుండా నరం ద్వారా ఇనుము ఎక్కించడం గురించి అడగండి. మరోచోట రక్తం పోతోందా అన్నది, ముఖ్యంగా నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లలో, మరిచిపోకూడదు.

జింకు పరీక్షలో తక్కువని తేలితేనే వేసుకోండి. రోజుకు 40 మిల్లీగ్రాములు దాటి దీర్ఘకాలం వాడితే రాగి తగ్గిపోయి కొత్త రక్తహీనత మొదలవుతుంది. సెలీనియం, విటమిన్ ఎ ఎక్కువైతే వాటివల్లే జుట్టు ఊడుతుంది. రెండు మూడు రకాల మల్టీవిటమిన్లు కలిపి వాడేవాళ్లు అన్నిట్లోని ఈ రెండింటి మొత్తం కూడి చూసుకోవాలి.

గ్లూటెన్ నిజంగా ఎక్కడి నుంచి వస్తుంది

ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు, అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు, మూడు నెలలు లోపలికి వెళ్తే పేగు దెబ్బతిన్నట్టు పరిశోధనలో తేలింది. ఇదీ ఎదురుగా ఉన్న కొలత. కాబట్టి గోధుమపిండి జల్లించిన జల్లెడ, గీతలు పడిన చెక్క పలక, పిండివంట వేయించిన నూనె, టోస్టర్, వంట చేస్తుండగా పిండి గరిటెతోనే రెండో గిన్నె కలపడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కడిగితే గ్లూటెన్ పోయేది లోహం, గాజు మీద నుంచే. చెక్క, జల్లెడ, టోస్టర్ వేరుగా పెట్టుకోవాల్సిందే. గోధుమ, బార్లీ, రై మూడూ మానాలి. మాల్ట్ అంటే బార్లీయే. గ్లూటెన్ లేదని ముద్ర ఉన్న ఆహారానికి అంతర్జాతీయ ప్రమాణం కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు. ఓట్స్ ఆ ముద్ర ఉన్నవే వాడాలి, అదీ ఒంట్లో పరిస్థితి కుదుటపడ్డాకే. మందుల మాత్రల్లో స్టార్చ్ గోధుమదా అని ఫార్మసిస్టును అడగండి.

షాంపూలోని గోధుమ ప్రొటీన్ గురించి చాలామంది కంగారుపడతారు. గ్లూటెన్ చర్మం గుండా లోపలికి వెళ్లి సీలియాక్‌ను రేపదు. నోట్లోకి పోతేనే ప్రమాదం. కాబట్టి లిప్‌స్టిక్, లిప్‌బామ్, వేళ్లు నోట్లో పెట్టుకునే చిన్నపిల్లల క్రీముల విషయంలో జాగ్రత్త చాలు. ఆ షాంపూ వాడిన ప్రతిసారీ తల ఎర్రబడి దురదపెడితే అది అలర్జీ కావచ్చు, సీలియాక్ కాదు. మార్చేయండి.

ఎన్నాళ్లకు వస్తుంది

ఈ రోజు దువ్వెనకు వచ్చిన వెంట్రుక రెండు మూడు నెలల కిందటే కుదురులో ఎదగడం మానేసింది. గ్లూటెన్ మానిన మొదటి నెలల్లో కూడా జుట్టు ఊడుతూనే ఉండడానికి కారణం ఇదే. ఇక్కడే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. మూడు నుంచి ఆరు నెలల్లో ఊడుడు తగ్గాలి. ఆ తర్వాత పాపిడి వెంబడి, నుదుటి మీద నిటారుగా లేచే పొట్టి నూగు వెంట్రుకలు కనిపించాలి. కొత్త జుట్టుకు అదే మొదటి గుర్తు. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున ఎదిగి చూపుకు ఒత్తుగా అనిపించడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో, ఒకే పాపిడితో, పొడి జుట్టుతో ఫోటో తీసి పెట్టుకోండి. రోజూ రాలిన వెంట్రుకలు లెక్కపెట్టడం మానేయండి, ఆ లెక్క మనశ్శాంతిని తప్ప దేన్నీ మార్చదు.

పేనుకొరుకుడు లెక్క వేరు. ఒకటి రెండు చిన్న మచ్చలైతే ఏడాది లోపు వాటంతటవే నిండడం చాలామందిలో జరుగుతుంది. ఆగలేకపోతే మచ్చలోకి ట్రైయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ సూదులు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వేస్తారు. తలలో సగం, అంతకు మించి పోయినవాళ్లకు రోగనిరోధక శక్తి దాడిని అణిచే జాక్ ఇన్హిబిటర్ మాత్రలున్నాయి. వాటిలో బారిసిటినిబ్‌కు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డలు వంటి ప్రమాదాలున్న మందులు కాబట్టి ముందు పరీక్షలు, తర్వాత పర్యవేక్షణ తప్పవు.

జుట్టు పెరగడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్ గురించి అడగని వాళ్లుండరు. పొక్కు, చెక్కు, గోకిన గాటు ఉన్న తల మీద వాడకండి. మంట పుడుతుంది, చిట్లిన చర్మం గుండా మందు మామూలుకంటే ఎక్కువ రక్తంలోకి వెళ్తుంది. గర్భవతులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. చర్మం పూర్తిగా మానాక మొదలుపెడితే మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల్లో ఊడుడు పెరిగినట్టు కనిపిస్తుంది, భయపడి ఆపకండి.

ఈలోగా బిగుతు జడలు, నెత్తిన లాగికట్టే ముడులు, రంగులు, వేడి యంత్రాలు పక్కన పెట్టండి. జుట్టు కాస్త పొట్టిగా కత్తిరించి పాపిడి మారిస్తే పలచదనం బాగా కప్పబడుతుంది. రంగు పొడి చల్లుకోవచ్చు, పచ్చి పుండు మీద తప్ప. విగ్గు పెట్టుకునేవాళ్లు జిగురు, టేపు లేకుండా మెత్తటి నూలు లోటోపీ మీద పెట్టుకోవాలి. రాపిడి ఉన్నచోటే పొక్కులు లేవడం ఈ జబ్బు తీరు. తల కప్పుకోవాలనిపిస్తే కప్పుకోండి. ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు.

ఏడాది గడిచినా నూగు వెంట్రుకలు రాకపోతే టీటీజీ, ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్ మళ్లీ చేయించండి. అవన్నీ సరిగ్గా ఉండి నడినెత్తిన, పాపిడి దగ్గరే పలచగా ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే పలచదనం కావచ్చు, దానికి ఆహారంతో పని లేదు. కానీ ఖాళీ అయిన చోట చర్మం అద్దంలా మెరుస్తూ, వెంట్రుక రంధ్రాలే కనిపించకపోతే ఏడాది కాదు, నెల కూడా ఆగకండి. అక్కడ కుదుళ్లు మచ్చగా మారిపోతున్నాయి, మారినవి తిరిగి రావు. 4 మిల్లీమీటర్ల తలచర్మం బయాప్సీ, మచ్చ నడిమి నుంచి కాకుండా ఇంకా వెంట్రుకలున్న అంచు నుంచి తీయించుకుంటే, మిగిలిన వాటిని కాపాడే మందు వెంటనే మొదలుపెట్టవచ్చు.